ట్యాగ్ బండిది, జేబుది కాదు

2025 జూన్ 26న, జులై 15 నుంచి జాతీయ రహదారుల మీద ద్విచక్రవాహనాలకు కూడా టోల్ వసూలు చేస్తారన్న వార్త అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నప్పుడు, నేను నాగోలులో మా ఇంటి దగ్గరి టీ కొట్టు ముందు నలుగురు మిత్రులతో నిలబడి ఉన్నాను. మేమందరం సెలవు దొరికితే బండ్ల మీద సొంత ఊళ్లకు వెళ్లివచ్చేవాళ్లం. ఒకరిది నకిరేకల్, ఒకరిది జనగామ, నాది సూర్యాపేట. వెళ్లిరావడానికి ఎంత పడుతుందన్న లెక్కా, దాని మీద కోపమూ కొంతసేపు నడిచాక, అందరికంటే చిన్నవాడు "ఏముందన్నా, ఫాస్టాగ్ తీస్కొని జేబుల ఏస్కుంటే అయిపాయె" అన్నాడు. మిగతావాళ్లు నిజమేనన్నట్టు తలలూపారు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ అదే రోజు ఆ వార్తను ఖండించి, ద్విచక్రవాహనాలకు ఉన్న మినహాయింపు కొనసాగుతుందని చెప్పారు కాబట్టి చర్చ అక్కడితో ఆగిపోయింది. నాకు మాత్రం జేబులో వేసుకోవడమన్న మాట మనసులోంచి పోలేదు, ఎందుకంటే ఒకప్పుడు కొంతకాలం నేను సరిగ్గా ఆ పనే చేసి, అది ఎందుకు పనికిరాదో దెబ్బలు తిని తెలుసుకున్నాను.

2012 నుంచి 2018 వరకు ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్నాను. ఆఫీసు సముద్రపు పాయకు అవతల, మెన్లో పార్క్ వైపు ఉండేది. మధ్యలో డంబార్టన్ వంతెన. ఆ వంతెన మీద పడమటి దిక్కుకు వెళ్లేటప్పుడే సుంకం కట్టాలి, తిరుగు ప్రయాణానికి లేదు. అప్పట్లో మామూలు సుంకం 5 డాలర్లు. ఉదయమూ సాయంత్రమూ రద్దీ వేళల్లో మోటారు సైకిలు కార్‌పూల్ వరుసలో, అంటే ఒకరికంటే ఎక్కువమంది కలిసి వెళ్లే కార్లకు కేటాయించిన వరుసలో వెళ్లవచ్చు, సుంకం సగమే, రెండున్నర డాలర్లు. అయితే ఆ సగం ధర ఫాస్‌ట్రాక్ ట్యాగ్ ఉన్నవారికి మాత్రమే. అందుచేత వారానికి ఐదు ఉదయాలు నా దగ్గర ఆ ట్యాగ్ ఉండి తీరాలి. అది మన ఫాస్టాగ్ లాంటి పల్చని స్టిక్కరు కాదు. లోపల చిన్న బ్యాటరీ ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బీ. కారు ముందద్దానికి లోపలి వైపున అతికించుకోవడానికి తయారుచేసిన వస్తువు అది, మోటారు సైకిలుకు ఆ అద్దమే లేదు.

మొదట దాన్ని జాకెట్ రొమ్ము జేబులో పెట్టుకున్నాను. అందరూ చేసేది అదేనని తోటి రైడర్లు చెప్పారు, నిజంగానే చాలా ఉదయాలు అది పనిచేసింది కూడా. తర్వాత ఎండాకాలం వచ్చింది, గాలి ఆడే వలజాకెట్ కొనుక్కున్నాను. వానల కోసం ఇంకొకటి ఉండేది. మూడు జాకెట్లు, ఒక ట్యాగ్. ఒక సోమవారం తెల్లవారుజామున, చలిగా ఉందని మందపాటి జాకెట్ తొడుక్కుని, ట్యాగ్ వలజాకెట్‌లోనే ఉండిపోయిందని గమనించకుండా వంతెన ఎక్కాను. కొన్నాళ్లకు వెనక నంబరు ప్లేటు ఫొటోతో ఇంటికి నోటీసు వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఆ ఏడాది అదే తప్పు ఇంకో రెండుసార్లు చేశాను, అప్పుడు నాకు అర్థమైనదేమిటంటే, నేను జాగ్రత్తగా ఉంటే సరిపోతుందనుకోవడమే అసలు పొరపాటు. బండి తాళం మరిచిపోతే బండి కదలదు, కాబట్టి దాన్ని ఎవరూ మరిచిపోరు. ట్యాగ్ మరిచిపోయినా బండి కదులుతుంది. గుర్తు చేసేది ఏదీ లేని వస్తువును రోజూ ఒంటి మీద వేసుకునే బట్టలతో ముడిపెట్టినప్పుడు, అది ఏదో ఒకరోజు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆ తర్వాత బండి ముందున్న చిన్న గాలి అద్దానికి లోపలి వైపున వెల్క్రోతో అతికించాను. మూడు నెలలు బాగానే ఉంది. ఆ వంతెన మీద పక్కగాలి బలంగా వీస్తుంది. ఒకరోజు ఆ గాలికో, అప్పటికే ఎండకు జిగురు మెత్తబడిందో, డబ్బీ ఊడి నా ఛాతీకి తగిలి, భుజం మీదుగా వెనక్కి ఎగిరిపోయింది. అద్దంలో చూస్తే అది రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది, వెనకాల వస్తున్న కారు దాని మీదుగా పోయింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నా హెల్మెట్ గాజుకు తగిలి ఉంటే ఏమయ్యేదో, కారు స్థానంలో ఇంకొక మోటారు సైకిలు ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవడం ఇష్టం లేదు. టోల్ పాస్‌ను బండికి భద్రంగా బిగించడం డబ్బుకు సంబంధించిన విషయమే కాదు, రోడ్డు మీద ఉన్న ఇతరుల ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా అని ఆ రోజు నుంచి గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడ మా నాన్నగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకు బజాజ్ చేతక్ ఉండేది. ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ పత్రాన్ని అందరూ సి బుక్కు అనేవారు. దాన్ని పాలిథిన్ కవరులో చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టేవారు చాలామంది. నాన్న పెట్టేవారు కాదు. ఇంట్లో ఇనప్పెట్టెలో అసలు, డిక్కీలో జిరాక్సు. "లైసెన్సు మనిషిది, అది నాతో ఉంటుంది. సి బుక్కు బండిది, కానీ బండితో పాటు దొంగ చేతిలో పడగూడదు" అనేవారు. ఏ కాగితం ఎవరిది, అది ఎక్కడ ఉండాలి అన్న రెండు ప్రశ్నలనూ ఆయన విడివిడిగా అడిగేవారన్నది నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు. టోల్ ట్యాగ్ విషయంలోనూ అడగవలసినవి ఆ రెండే. ట్యాగ్ ఎవరిది? బండిదే, ఫాస్టాగ్ వాహనం రిజిస్ట్రేషన్ నంబరుతో ముడిపడి ఉంటుంది, ఒక వాహనానికి ఒకే ట్యాగ్ అన్నది నియమం. ఎక్కడ ఉండాలి? బండి మీదే, కానీ చేత్తో లాగితే ఊడిరాని చోట.

జేబు వాదం హైదరాబాదులో మరీ నిలబడదని నేననడానికి ఇంకొక కారణం ఉంది. మన ఇళ్లలో ఒక బండిని ఒక మనిషే నడుపుతాడన్న మాట ఎక్కడిది? పొద్దున తండ్రి కూరగాయలకు తీసుకెళ్తాడు, తొమ్మిదింటికి కూతురు కోచింగ్‌కు తీసుకెళ్తుంది, సాయంత్రం కొడుకు స్నేహితుడి ఇంటికి తీసుకెళ్తాడు. డెలివరీ పని చేసే కుర్రాళ్లలో అద్దె బండ్ల మీద తిరిగేవారు ఎందరో ఉన్నారు. జేబులోని ట్యాగ్ మనిషి వెంట పోతుంది, బండి ఇంకొకరితో పోతుంది. ఒక బండి పేరు మీద ఉన్న ట్యాగ్ ఇంకొక బండి మీద టోల్ గేటు దాటితే ఎవరి ఖాతాలోంచి డబ్బు పోవాలో, ఎవరికి నోటీసు రావాలో తేల్చే పని మొదలవుతుంది. ఆ తలనొప్పి చివరికి ఆ కుర్రాడి నెత్తినే పడుతుంది.

నిబంధన దగ్గరికి వద్దాం. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల ప్రకారం ద్విచక్రవాహనాలకు టోల్ లేదు. నేను సూర్యాపేట వెళ్లేటప్పుడు పంతంగి దగ్గర, కొర్లపహాడ్ దగ్గర ఎడమ చివరనున్న సన్నని సందులోంచి ఆగకుండా దాటిపోతాను. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి మాకు ప్రవేశమే లేదు, సర్వీసు రోడ్డే దిక్కు. ఆ వేగాల మధ్య మోటారు సైకిలు లేకపోవడమే మంచిదని నేననుకుంటాను కాబట్టి దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. మినహాయింపు ఉన్నంతకాలం ఈ గొడవంతా ఎందుకని మీరడగవచ్చు. కార్ల అనుభవం చూడండి. ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేసే గడువు 2019 డిసెంబరు నుంచి వాయిదాలు పడుతూ వచ్చి, 2021 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి నుంచి అన్ని వరుసల్లోనూ అమల్లోకి వచ్చింది. అన్ని వాయిదాలు ఎందుకు అవసరమయ్యాయంటే, ట్యాగ్ ఇవ్వడం కాగితం మీద సులువే, కోట్ల బండ్లకు దాన్ని సరిగ్గా చేర్చడం, అతికించడం, చదివించడం సులువు కాదు. కారుకు కనీసం అద్దమైనా ఉంది.

2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ తీసుకున్న ఇంకొక నిర్ణయం నన్ను మరింత ఆలోచింపజేసింది. ట్యాగ్‌ను ముందద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని చూపించేవారి వల్ల వరుసలు ఆగిపోతున్నాయని, ఒక వాహనం ట్యాగ్‌ను ఇంకొకదానికి వాడుతున్నారని, అలాంటి విడి ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని ప్రకటించారు. కార్ల విషయంలో అది న్యాయమైన నిర్ణయమే. కానీ అదే కొలతతో చూస్తే, అద్దం లేని వాహనానికి ఇచ్చే ప్రతి ట్యాగూ పుట్టుకతోనే విడి ట్యాగ్. రేపు మోటారు సైకిలుకు ట్యాగ్ ఇచ్చి, ఎక్కడ పెట్టుకోవాలో చెప్పకుండా వదిలేస్తే, రైడరు దాన్ని జేబులో పెట్టుకుంటాడు, గేటు దగ్గర తీసి చేత్తో ఎత్తి చూపుతాడు, నిబంధన దృష్టిలో తప్పు చేసినవాడవుతాడు. ట్యాగ్ చెల్లకపోతే నగదుకు రెండింతలు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు కట్టాలన్న నియమం 2025 నవంబరు 15 నాటికి కార్లకు వచ్చింది. అది మోటారు సైకిలుకు కూడా వర్తిస్తే, వానలో, చేతి తొడుగులు తీసి, వెనక లారీ హారన్ మోగుతుండగా ఫోను బయటికి తీసి కోడ్ స్కాన్ చేసే మనిషిని ఊహించుకోండి. నేను ఊహించుకోనక్కరలేదు. ఫ్రీమాంట్‌లో ట్యాగ్ మరిచిపోయిన సంగతి ముందే గుర్తొచ్చిన రోజుల్లో నగదు వరుసలో నిలబడి, తడిసిన తొడుగు పళ్లతో లాగి, నోట్లు వెతుక్కున్నాను.

అద్దం లేని బండిని ప్రభుత్వం మరిచిపోవడం కొత్త కాదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ నంబరు ప్లేట్ల పద్ధతిలో, కార్లకు ముందూ వెనకా ప్లేట్లతో పాటు అద్దం మీద మూడో గుర్తుగా ఒక స్టిక్కరు కూడా ఉంటుంది. తీస్తే పాడైపోయే రకం. మోటారు సైకిలుకు ఆ మూడోది లేదు. అదే పద్ధతిలో ప్లేటును బిగించే లాకు మాత్రం మోటారు సైకిలుకూ ఉంది. ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప రాదు. అంటే ఒక గుర్తును బండి శరీరానికి విడదీయరాకుండా బిగించడం మనకు చేతకాని పనేమీ కాదు, అలవాటైన పనే.

సింగపూర్ వాళ్లు 1998లో ఎలక్ట్రానిక్ రోడ్డు సుంకం మొదలుపెట్టినప్పుడే మోటారు సైకిళ్లను కూడా అందులో చేర్చారు. సుంకం కారుకు ఉన్నదానిలో సగం. వాళ్లు జేబు మాట ఎత్తలేదు. వానకు తట్టుకునే యూనిట్‌ను తయారుచేయించి, హ్యాండిల్ దగ్గర వర్క్‌షాపులోనే బిగించారు. రైడరు చేయవలసింది అందులో డబ్బున్న కార్డు దూర్చడం ఒక్కటే. అది చిన్న దేశం, బండ్లు తక్కువ అని కొట్టిపారేయవచ్చు. నేను చూసేది సంఖ్యను కాదు, వరుసను: ముందు బిగించే చోటు తేల్చారు, ఆ తర్వాత డబ్బు అడిగారు.

మరి మన బండి మీద ఆ చోటు ఎక్కడ? దీనికి జవాబు చెప్పాలంటే ట్యాగ్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీదున్న రీడరు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలు పంపుతుంది, స్టిక్కరులోని సన్నని యాంటెన్నా ఆ తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని చిప్పును మేల్కొలుపుతుంది, చిప్పు తన నంబరును ఆ తరంగం మీదే తిప్పి పంపుతుంది. ఈ పనికి రెండు శత్రువులు. ఒకటి లోహం: యాంటెన్నాను నేరుగా ఇనుము మీద అతికిస్తే అది శ్రుతి తప్పిన తంబూర లాగా అవుతుంది, రీడరుకు వినబడదు. అందుకే పెట్రోలు ట్యాంకు మీద మామూలు స్టిక్కరు పనికిరాదు. లోహం మీద పెట్టడానికి వెనక మందపాటి పొర ఉన్న ప్రత్యేక ట్యాగులు వేరే ఉన్నాయి. రెండోది నీరు: మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, ఒంటికి ఆనుకుని ఉన్న ట్యాగ్ బలహీనపడుతుంది, ప్యాంటు వెనక జేబులో ఉంటే శరీరమే అడ్డుగోడ అవుతుంది. జేబు కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు పనిచేయకపోవడానికి కారణం ఇదే, మన అదృష్టం కాదు.

అన్నింటినీ గేటు దగ్గరి కెమెరాలే చూసుకుంటాయి, ట్యాగే అక్కరలేదు అని మా మిత్రుల్లో ఒకరు వాదించారు. కెమెరా సాయం ఉండాలి, అందులో సందేహం లేదు. ఫ్రీమాంట్‌లో నా ప్లేటు నంబరు ఖాతాలో నమోదై ఉండబట్టే తర్వాత చాలా చిక్కులు తీరాయి. కానీ మన మోటారు సైకిలు ముందు ప్లేటు 285 మిల్లీమీటర్ల పొడవు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. దాని మీద చౌటుప్పల్ బురద, దసరా నాటి పసుపు కుంకుమలు, బంతిపూల దండ. వెనక ప్లేటు ముందు వేలాడే సంచి. రెండు బండ్లు పక్కపక్కనే ఒకే వరుసలో దూరితే ఏ ప్లేటు ఎవరిదో దేవుడికే తెలియాలి. కెమెరాను సాక్షిగా ఉంచుకోవచ్చు, కానీ డబ్బు తీసే పనిని దాని ఒక్కదాని మీదే వదలడం రైడరుకు నష్టం.

నేను మాటలతో ఆగలేదు. ఆ టీ కొట్టు చర్చ తర్వాతి వారంలోనే రామంతాపూర్‌లో నా బండి చూసే మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లాను. ట్యాగ్ అంత కొలతలో నాలుగు ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి, బలమైన రెండు వైపుల జిగురు టేపుతో నాలుగు చోట్ల అతికించాం: ముందు మడ్‌గార్డు మీద, ట్యాంకు మీద, సీటు పక్క ప్యానెల్ మీద, హెడ్‌లైటు డూము లోపలి ప్లాస్టిక్‌కు. రేడియో పరీక్ష కాదది, జిగురు పరీక్ష. "అన్నా, వాటర్ సర్వీసింగ్ చేస్తే గివి ఆగయే" అన్నాడాయన మొదటి రోజే. ఆయన చెప్పినట్టే మడ్‌గార్డు ముక్క మూడో వాటర్ సర్వీసింగ్‌కు ప్రెషర్ పైపు కింద లేచిపోయింది. పక్క ప్యానెల్‌ది వానాకాలం దాటింది గాని, కాలు రాసుకుని రాసుకుని ఒక మూల మడతపడి, దుమ్ము దూరి, సంక్రాంతికి ఊడింది. ట్యాంకు మీది ముక్క అన్నింటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది. అది ఊడలేదు, మే నెల ఎండలో జిగురు కరిగి వేలెడంత కిందికి జారి అక్కడే గట్టిపడింది. డూము లోపలి ముక్క మాత్రం అతికించిన చోటే ఉంది.

డూము లోపల ఎండ నేరుగా పడదు, నీటి పైపు నేరుగా తగలదు, బయటి నుంచి చూసేవాడికి కనబడదు, తీయాలంటే స్క్రూలు విప్పాలి. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్ కాబట్టి రేడియో తరంగాలకు అడ్డు కాదు. హెడ్‌లైటు గిన్నె లోపలి లోహపు పూతకు మాత్రం కాస్త ఎడంగా ఉంచాలి. గేటు మీది రీడరుకు ఎదురుగా ఉండే భాగం కూడా అదే. డూము లేని బండ్లకు, పాత కాలపు గుండ్రని లైటున్న బుల్లెట్ల లాంటి వాటికి, హ్యాండిల్ కింద చిన్న ప్లాస్టిక్ డబ్బీని లాకు స్క్రూతో బిగించి, అది ఊడినా రోడ్డు మీద పడకుండా ఒక సన్నని తీగను ఫ్రేముకు కట్టాలి. ఫ్రీమాంట్‌లో చివరి రెండేళ్లు నేను చేసింది సరిగ్గా ఇదే, ఆ రెండేళ్లలో ఒక్క నోటీసూ రాలేదు. ఈ పని షోరూములోనే, నంబరు ప్లేటు బిగించే రోజునే జరిగిపోవాలన్నది నా కోరిక. బండి కొన్నవాడి చేతికి ఒక స్టిక్కరు ఇచ్చి పంపేయకూడదు. గాజుకు అంటించడానికి చేసిన స్టిక్కరును వాడు ఇనుముకు అంటిస్తాడు, లేదా జేబులో వేసుకుంటాడు.

మొన్న ఆదివారం అమ్మను చూడడానికి సూర్యాపేట బయలుదేరాను. పంతంగి దగ్గర ఎప్పటిలాగే ఎడమ సందులోంచి దాటి, కొంచెం ముందుకు వెళ్లాక బండి పక్కకు ఆపి, డూము కిందినుంచి వేళ్లు పోనిచ్చి తడిమి చూశాను. ముక్క అక్కడే ఉంది, నాలుగు మూలలూ గట్టిగానే ఉన్నాయి.